గోలీ అడిగే ముందు కాలేయం సంగతి చెప్పండి

వరంగల్‌లో మిర్చి సీజన్ మొదలైందంటే మా మందుల షాపులో నొప్పి గోలీలు నిలవవు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏనుమాముల మార్కెట్ యార్డుకు బస్తాల మీద బస్తాలు వస్తూనే ఉంటాయి. దించే హమాలీలు, కాంటా వేసేవాళ్ళు, లారీలకెత్తేవాళ్ళు పొద్దుగూకే సరికి నడుం పట్టుకొని కౌంటర్ ముందుకొస్తారు. "అక్కా, ఒళ్ళంత గుంజుతున్నది, మంచి గోలీ ఇయ్యి" అంటారు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఓపిగ్గా చెబుతారు. "కామెర్లు ఎప్పుడన్న అయినయా? లివర్ పరీక్ష చేయించుకున్నవా?" అంటే మాత్రం ఎగాదిగా చూస్తారు. నడుం నొప్పికీ కాలేయానికీ ఏం సంబంధమని వాళ్ళ అనుమానం.

సంబంధం ఉంది, అదీ గట్టిదే. కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివేటప్పుడు మాకు మొదట నేర్పిన పాఠమే ఇది: మందు ఒంటికి ఏం చేస్తుందో తెలిస్తే చాలదు, ఒళ్ళు మందును ఏం చేస్తుందో కూడా తెలియాలి. మింగిన గోలీని విరగ్గొట్టి, విషం లేకుండా చేసి, బయటికి పంపే పని ఎక్కువగా కాలేయానిది, ఆ తర్వాత మూత్రపిండాలది. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్ఐవీ లాంటి వైరస్‌లు ఏళ్ళ తరబడి ఒంట్లో తిష్ఠ వేసినప్పుడు ఈ పని తీరు మారిపోతుంది. పక్కింటాయనకు హాయినిచ్చిన గోలీయే మనకు హాని చేయొచ్చు.

మింగిన గోలీ ఎటు పోతుంది?

పారాసెటమాల్‌నే తీసుకుందాం. డోలో అన్నా, క్రోసిన్ అన్నా, కాల్పాల్ అన్నా లోపలున్న మందు అదే. మన యార్డుకు రెండు పెద్ద గేట్లు, పక్కన ఒక చిన్న గేటు ఉన్నాయనుకోండి. కాలేయంలో పారాసెటమాల్‌కూ అలాగే మూడు దారులున్నాయి. సగానికి పైగా మందు గ్లూకురోనైడ్ అనే పదార్థంగా మారి మొదటి పెద్ద గేటు గుండా పోతుంది. దాదాపు మూడో వంతు సల్ఫేట్‌గా మారి రెండో గేటు గుండా పోతుంది. ఈ రెండూ ప్రమాదం లేనివే, మూత్రంలో కలిసిపోతాయి. మిగిలిన 5 నుంచి 10 శాతం మాత్రం చిన్న గేటు వైపు మళ్ళుతుంది. అక్కడ సైటోక్రోమ్ పి450 కుటుంబానికి చెందిన ఎంజైములు దాన్ని నాప్‌క్వి అనే విష పదార్థంగా మారుస్తాయి.

ఆ విషానికి విరుగుడు కూడా కాలేయంలోనే ఉంది. దాని పేరు గ్లూటాథయోన్. అది నిండుగా ఉన్నంతసేపు నాప్‌క్వి పుట్టిన చోటే అణిగిపోతుంది. మోతాదు మరీ ఎక్కువైతే పెద్ద గేట్లు కిక్కిరిసి, చిన్న గేటు మీద భారం పడుతుంది. గ్లూటాథయోన్ తరిగిపోతే నాప్‌క్వి కాలేయ కణాలకు అంటుకుని వాటిని చంపేస్తుంది. రోజూ సారా, బ్రాందీ తాగే అలవాటు చిన్న గేటు ఎంజైముల్ని పెంచుతుంది. తిండి సరిగా లేకపోతే గ్లూటాథయోన్ నిల్వ పడిపోతుంది. రోజంతా బస్తాలు మోసి, రాత్రి తిండి మానేసి, తాగి పడుకునే మనిషికి ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి.

వైరస్ ఎక్కడ అడ్డుపడుతుంది?

మొదటి అడ్డు వాపు వల్ల వస్తుంది. వైరస్‌తో పోరాడేటప్పుడు శరీరం ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలను విడుదల చేస్తుంది. ఇవి కాలేయంలోని సైటోక్రోమ్ ఎంజైముల తయారీని తగ్గించేస్తాయి. 1980లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఇన్‌ఫ్లుయెంజా-బి జ్వరాలు ప్రబలినప్పుడు, ఆస్తమాకు థియోఫిలిన్ వాడుతున్న కొందరు పిల్లలకు ఎప్పుడూ వేసుకునే మోతాదే విషమైంది. మందు మారలేదు, మోతాదు మారలేదు. జ్వరం వల్ల కాలేయం దాన్ని బయటికి పంపడంలో వెనకబడింది, అంతే. నాలుగు రోజుల జ్వరంతోనే ఇంత జరిగితే, ఇరవై ఏళ్ళు కాలేయంలో కాపురం పెట్టిన వైరస్ ఊరుకుంటుందా? హెపటైటిస్-సి ఉన్నవాళ్ళు వైరస్‌ను పోగొట్టే మందులు మొదలుపెట్టాక, వాళ్ళు అంతకుముందు నుంచి వాడే వార్ఫరిన్ అనే, రక్తాన్ని పలచబరిచే మందు మోతాదును డాక్టర్లు మళ్ళీ సరిచూస్తారు. వైరస్ వెళ్ళిపోతుంటే కాలేయం పని తీరు మారుతుందనడానికి ఇదొక రుజువు.

రెండో అడ్డు మచ్చలు. ఏళ్ళ తరబడి వాపు ఉంటే కాలేయంలో మెత్తని కణజాలం పోయి గట్టి నారలాంటి మచ్చలు ఏర్పడతాయి. అది ముదిరితే సిర్రోసిస్. అప్పుడు పనిచేసే కణాలు తగ్గుతాయి, పేగుల నుంచి వచ్చే రక్తంలో కొంత కాలేయాన్ని తాకకుండానే పక్కదారిన పోతుంది. గోలీలోని మందు ఎక్కువ పాళ్ళలో రక్తంలో చేరుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. దీన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు ఒక పాత నొప్పి మందునే వాడారు. దాని పేరు యాంటీపైరిన్. 1880ల్లో జర్మనీలో పుట్టింది. ఆరోగ్యంగా ఉన్నవారిలో అది సగానికి తగ్గడానికి సుమారు 12 గంటలు పడుతుంది. సిర్రోసిస్ ముదిరినవారిలో ఒక రోజు దాటినా సగానికి రాదు. నొప్పి తగ్గించే మందే కాలేయం ఎంత చురుగ్గా ఉందో చెప్పే పరీక్షగా మారిందన్నమాట. పారాసెటమాల్ మామూలుగా రెండు మూడు గంటల్లో సగానికి తగ్గుతుంది. సిర్రోసిస్ ముదిరితే దానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది.

మూడో అడ్డు ఆల్బుమిన్. ఇది కాలేయం తయారుచేసే ప్రొటీన్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు రక్తంలో 99 శాతం వరకూ దీనికి అతుక్కునే తిరుగుతాయి. అతుక్కోకుండా మిగిలిన ఆ కొద్ది భాగమే పని చేసేది. కాలేయం దెబ్బతిని ఆల్బుమిన్ తగ్గితే, విడిగా తిరిగే మందు పెరుగుతుంది. గోలీ మీద 50 మిల్లీగ్రాములని రాసి ఉన్నా, ఒంటికి తగిలే దెబ్బ అంతకంటే ఎక్కువ.

హెచ్ఐవీ ఉన్నవాళ్ళ సంగతి కొంచెం వేరు. ఆ వైరస్ ఉన్నవాళ్ళలో, ముఖ్యంగా మందులు వాడనివాళ్ళలో, గ్లూటాథయోన్ తక్కువగా ఉంటుందని తేలింది. హెపటైటిస్ కూడా తోడైతే కాలేయం మీద రెండు వైపుల నుంచీ భారం పడుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హెపటైటిస్-బి పాజిటివ్ అనగానే కాలేయం పని ఆగిపోయినట్టు కాదు. వైరస్ ఉన్నా మచ్చలు లేనివాళ్ళు మామూలు మోతాదు పారాసెటమాల్‌ను దాదాపు అందరిలాగే బయటికి పంపేస్తారు. తేడా వచ్చేది వాపు ఎక్కువైనప్పుడు, మచ్చలు ముదిరినప్పుడు. అందుకే 'పాజిటివ్' అన్న ఒక్క మాట చాలదు, కాలేయం ఏ స్థితిలో ఉందో తెలియాలి.

ఒక సంచి, మూడు రకాల గోలీలు

ఒకసారి యార్డులో పనిచేసే హమాలీ భార్య ప్లాస్టిక్ సంచిలో ఆయన మందులన్నీ తెచ్చి కౌంటర్ మీద పోసింది. ఆయనకు హెపటైటిస్-బి ఉంది. ఫైలులో స్కానింగ్ కాగితం కూడా ఉంది. కాలేయం గరుకుగా మారిందని, ప్లీహం పెరిగిందని రాశారు. ఆ వైరస్ కోసం రోజుకో టెనోఫోవిర్ గోలీ వాడుతున్నాడు.

"అక్కా, డోలో ఏసుకుంటే లివర్ ఖరాబైతదని ఎవరో చెప్పిన్రు. అందుకే అది బంద్ జేసినం. గీ గోలీలే ఏసుకుంటుండు" అంది.

ఆ గోలీలను వరసగా పేర్చాను. మొదటిది నడుం నొప్పికి: ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, దాంట్లోనే పారాసెటమాల్ 325. రోజుకు రెండు. రెండోది పడిశానికి: అందులో పారాసెటమాల్ 500. రోజుకు మూడు. లెక్క వేస్తే 650, 1500 కలిపి 2150 మిల్లీగ్రాములు. డోలో మానేశామనుకుంటూనే ఆయన రోజుకు మూడు డోలోలకు మించిన పారాసెటమాల్ మింగుతున్నాడు. ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ హద్దు. కాలేయం దెబ్బతిన్నవారికి, రోజూ తాగేవారికి 2 గ్రాములు దాటొద్దంటారు డాక్టర్లు. ఆయన ఆ గీత దాటేశాడు.

అంతకన్నా నాకు భయం వేసింది మొదటి గోలీలోని ఎసిక్లోఫెనాక్‌ను చూసి. మూడోది టెనోఫోవిర్. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం ఇంకా పెద్ద భయం. "ఈ నొప్పి గోలీలు, పడిశం గోలీలు ఇక్కడే పెట్టమ్మా, ముందు డాక్టరుకు చూపించు" అని ఫైలు మీద మందుల పేర్లు, మోతాదులు రాసిచ్చాను.

భయపడాల్సిన గోలీ ఏది?

మన దగ్గర చాలామందిది తలకిందుల భయం. కాలేయ జబ్బు ఉంటే పారాసెటమాల్ ముట్టుకోరు. దాని బదులు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వేసుకుంటారు. కాలేయ నిపుణులు చెప్పేది సరిగ్గా ఇందుకు వ్యతిరేకం. సిర్రోసిస్ ఉన్నవారికి నొప్పికైనా జ్వరానికైనా మొదట ఎంచుకునేది, 2 గ్రాముల లోపు పారాసెటమాలే.

ఎందుకంటే డైక్లోఫెనాక్ జాతి మందులు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను అడ్డుకుని నొప్పి తగ్గిస్తాయి. కాలేయం గట్టిపడినవారిలో మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవి ఆ ప్రోస్టాగ్లాండిన్లే. వాటిని ఆపేస్తే మూత్రం తగ్గుతుంది, కాళ్ళవాపు, పొట్టలో నీరు పెరుగుతాయి, నీరు పోవడానికి ఇచ్చే మందులు పనిచేయవు, చివరికి మూత్రపిండాలు చేతులెత్తేస్తాయి. కడుపు లోపలి పొరను కాపాడేవి కూడా అవే. సిర్రోసిస్‌లో అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి ఉంటుంది. అలాంటి స్థితిలో ఒక నొప్పి గోలీ రక్తపు వాంతి దాకా తీసుకుపోవచ్చు. ఇవి కాక, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ కొందరిలో నేరుగా కాలేయాన్నే దెబ్బతీస్తాయి. నిమెసులైడ్‌ను ఫిన్లాండ్, స్పెయిన్ 2002లో, ఐర్లాండ్ 2007లో ఇందుకే మార్కెట్ నుంచి తీసేశాయి. మన దేశంలో 2011లో 12 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని నిషేధించారు.

ఒళ్ళు మందును వదిలించుకోలేకపోతే ఏమవుతుందో రాబందుల కథ చెబుతుంది. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల్లో మిగిలిపోయి, వాటిని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి లక్షల్లో చనిపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఆవు తట్టుకున్న మందునే పక్షి తట్టుకోలేకపోయింది.

ఇక టెనోఫోవిర్ సంగతి. హెపటైటిస్-బికి, హెచ్ఐవీకి రెండింటికీ ఇదే ముఖ్యమైన మందు. ఎంజీఎం ఆస్పత్రిలో హెచ్ఐవీ చికిత్స ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రం లాంటి చోట్ల హెచ్ఐవీకి రోజుకొకటి చొప్పున ఇచ్చే గోలీలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉంటాయి. మంచి మందు, ప్రాణాలు నిలబెట్టిన మందు. అయితే అది మూత్రపిండాల గుండానే బయటికి పోవాలి. పైనుంచి డైక్లోఫెనాక్ వేస్తే ఆ దారే ఇరుకవుతుంది. ఈ రెండూ కలిసి కొందరిలో మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతిన్నాయని వైద్య పత్రికల్లో నమోదైంది. మందు చీటీ మీద నొప్పి గోలీ పేరు ఉండదు కాబట్టి ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టరుకు ఆ విషయం తెలియదు. మందుల షాపులో టెనోఫోవిర్ సంగతి ఎవరూ చెప్పరు. రోగికేమో రెండూ గోలీలే.

సూదితో వచ్చిన వైరస్

నొప్పి మందుకూ ఈ వైరస్‌లకూ మరో పాత లంకె ఉంది. ఊళ్ళల్లో ఆర్ఎంపీలు గాజు సిరంజీని వేడినీళ్ళలో ముంచి ఒకరి తర్వాత ఒకరికి గుచ్చిన రోజులు నాకు తెలుసు. ఒళ్ళునొప్పులంటే సూదే, జ్వరమంటే సూదే. హెపటైటిస్-బి, సి మన దేశంలో ఇంతగా పాకడానికి సరిగా శుద్ధి చేయని సూదులు ఒక పెద్ద కారణం. రక్తమార్పిడి ఇంకొకటి. రక్తనిధుల్లో హెపటైటిస్-సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లోనే. తల్లి నుంచి బిడ్డకు రావడం హెపటైటిస్-బికి ఇంకో ముఖ్యమైన దారి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో సుమారు 2.98 కోట్ల మందికి హెపటైటిస్-బి, 55 లక్షల మందికి హెపటైటిస్-సి ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద హెపటైటిస్-బి ఉన్నవారిలో ఆ సంగతి తెలిసింది 13 శాతం మందికే. ఏ ఆపరేషన్‌కు ముందో, కాన్పు పరీక్షల్లోనో, రక్తదానం చేసినప్పుడో బయటపడితే బయటపడినట్టు. అంటే కౌంటర్ ముందు నిలబడి "నాకే జబ్బూ లేదు" అనేవాళ్ళలో కొందరికి వైరస్ ఉంటుంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళకు తెలియదంతే.

ఈ రెండు వైరస్‌ల విషయంలో మన తెలుగు నేల చేసిన మేలు చిన్నది కాదు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి నాయకత్వంలో 1997లో షాన్‌వ్యాక్-బి టీకాను తెచ్చింది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా అదే. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా జాతీయ కార్యక్రమం కింద దేశమంతటా పిల్లలకు అందుబాటులోకి వచ్చింది. హెపటైటిస్-సికి సోఫోస్‌బువిర్ మందును హైదరాబాద్ కంపెనీ నాట్కో 2015లో హెప్సినాట్ పేరుతో మన మార్కెట్లోకి తెచ్చింది. 12 వారాల గోలీలతో ఎక్కువమందిలో వైరస్ పూర్తిగా పోతుంది. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. టీకా రాకముందు పుట్టిన మనలాంటి పెద్దవాళ్ళే ఇప్పుడు పరీక్షకు దూరంగా ఉన్నాం.

మరి నొప్పి ఎలా తగ్గాలి?

బరువులు మోసేవాళ్ళను నొప్పి ఓర్చుకోమని చెప్పడం అన్యాయం. కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల గోలీ, ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా వాడుకోవచ్చు. సన్నగా ఉన్నవారికి అంతకన్నా తగ్గించాలి. పడిశం గోలీ, జ్వరం గోలీ, నడుం నొప్పి గోలీ దేంట్లోనైనా పారాసెటమాల్ ఉండొచ్చు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివించుకోండి. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందని గుర్తు. ఒక చోటే నొప్పి ఉంటే పైన రాసే జెల్ మేలు, అందులోని డైక్లోఫెనాక్‌లో రక్తంలోకి చేరేది చాలా కొద్ది. వేడి కాపడం కూడా పనిచేస్తుంది. ట్రమడాల్ లాంటి బలమైన మందులు కాలేయ జబ్బులో ఎక్కువసేపు ఒంట్లో ఉండి మత్తు తెస్తాయి కాబట్టి డాక్టరు చెప్పనిదే వద్దు. ఏముందో తెలియని నొప్పుల పొడులు, కామెర్లకు పసరు మందులు అసలే వద్దు.

కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా, మలం నల్లగా వచ్చినా, కాళ్ళు వాచినా నొప్పి గోలీలు ఆపి ఆస్పత్రికి పోవాలి. పొరపాటునో, కోపంలోనో పారాసెటమాల్ ఎక్కువ మింగితే ఏ బాధా కనిపించకపోయినా ఆగొద్దు. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. అది గ్లూటాథయోన్‌ను మళ్ళీ నింపుతుంది.

చివరగా మీకు రెండు విన్నపాలు. జీవితంలో ఒక్కసారైనా హెపటైటిస్-బి, సి పరీక్ష చేయించుకోండి, కాసిని రక్తపు చుక్కలతో అయిపోయే పని. వైరస్ ఉందని తేలితే ఆ సంగతీ, రోజూ వాడే మందుల పేర్లూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. నొప్పి గోలీ కోసం ఏ షాపుకు వెళ్ళినా ఆ కాగితం ముందు చూపించి, ఆ తర్వాతే గోలీ అడగండి. మేము అడగడం మరిచిపోయినా మీరు చెప్పడం మరవకండి.